పోలిక కలవని బిడ్డను పెంచుకుంటున్నవారికి

మన దేశంలో దత్తత కేటాయింపులు ‘కారా’ అనే కేంద్ర సంస్థ ద్వారా జరుగుతాయి గనుక, విజయనగరంలోని దంపతులకు ఎక్కడో ఈశాన్య రాష్ట్రంలో పుట్టిన పాప దక్కడం సాధ్యమే. మా అమ్మాయి అలా వచ్చినదే. చూడగానే తేడా తెలిసే బిడ్డ విషయంలో ఆ తేడాను ఇంట్లో ఎత్తకుండా దాటవేయడం మేము చేసిన మొదటి పొరపాటు, ఎందుకంటే బయటివారు దాన్ని రోజూ ఎత్తి చూపుతూనే ఉంటారు.

దత్తత సంగతి మాటలు వచ్చిన నాటి నుంచే, నిద్రపుచ్చే కథలా, పుట్టిన ఊరి పేరుతో సహా చెప్పాలి. అంతకుముందే బంధువులతో మాట్లాడి పెట్టుకోవాలి. ‘నిన్ను తవుడుకి కొన్నాం’ అని పిల్లల్ని ఆటపట్టించడం మన ఇళ్లలో మామూలే గాని, కన్నబిడ్డ నవ్వి మరచిపోయే ఆ మాట దత్తబిడ్డకు నిజమనిపిస్తుంది. స్నానం పోస్తూ, కోటేరులా తేలుతుందని ముక్కు నలిపే నాయనమ్మను కూడా, ఆమె ప్రేమను తప్పుపట్టకుండానే, ఆపవలసి ఉంటుంది.

సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర గాజులమ్మే ఆమె ‘ఈ నేపాలీ పిల్ల ఎవరమ్మా?’ అని అడిగింది. ‘మా బంధువుల పిల్ల’ అని తప్పించుకున్నాను. నా చిటికెన వేలు పట్టుకొని ఉన్న పాప మెల్లగా చేయి వదిలేసింది. ఆ తరువాత నేర్చుకున్న జవాబు రెండే మాటలు: ‘మా అమ్మాయే.’ అంతకుమించి అపరిచితులకు చెప్పవలసినది ఏమీ లేదు. పాప పుట్టుక వివరాలు ఎవరికి చెప్పాలో పాపే నిర్ణయించుకోవాలి.

తనవంటి ముఖాలు ఎదురుపడేలా చూడడం కూడా అవసరం. విశాఖలో చదువుకొనే, పనిచేసే ఈశాన్య రాష్ట్రాలవారితో స్నేహం చేయండి. అయితే కాగితాల్లో లేని తెగ పేరును ఊహించి బిడ్డకు అంటగట్టవద్దు.

బడికి వెళ్లనని మొండికేయడం, అద్దం చూడకపోవడం, మానిన పక్క తడపడం మళ్లీ మొదలవడం వంటివి వారాల తరబడి సాగితే దిష్టి తీసి ఊరుకోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దత్తత తరువాత రెండేళ్లపాటు బిడ్డ బాగోగులు చూసేందుకు ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చే సిబ్బందిని తనిఖీదారులుగా చూడకుండా, ఈ ఇబ్బందులు వారికే చెప్పి కౌన్సెలింగ్ అడగడం మంచిది.

దత్తత ఉత్తర్వు, వైద్య నివేదిక, బిడ్డ మొదటి ఫొటో, వచ్చిన రోజు తొడిగిన గౌను ఒక పెట్టెలో భద్రపరచండి. 18 ఏళ్లు నిండాక తన మూలాల కోసం బిడ్డ స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకుముందైతే మీతో కలిసి చేయాలి. ఆ పెట్టె ఎక్కడ ఉందో పాపకు ఇప్పుడే చూపించండి.