వేలంలో కారు పాడబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరాకు ఇంటి ముందు కారు ఉండాలనుకునేవారు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెతుకులాట మొదలుపెడతారు. బయట ఐదు లక్షలు చెప్పే కారు వేలంలో మూడున్నరకే కనిపిస్తే మనసు అటు లాగడం సహజం. వానాకాలం కూడా అదే సమయానికి నడుస్తుంటుంది, నీట మునిగిన కార్లూ వేలానికి వస్తాయి కాబట్టి ఈ జాగ్రత్తలు అవసరం. నా అభిప్రాయం ముందే చెబుతాను. వేలంలో లాభం ఉంది, కానీ అది నమ్మకమైన మెకానిక్కు, కొన్ని వారాల ఓపిక, బ్యాంకు రుణం అక్కరలేని డబ్బు ఉన్నవారికి. వచ్చే సోమవారం నుంచే ఆఫీసుకు వేసుకెళ్లాలనుకునేవారు తెలిసినవారి కారు ఇంకాస్త ఎక్కువ పెట్టి కొనుక్కోవడమే మేలు.

మొదట తేల్చుకోవలసింది ఆ కారు వేలానికి ఎందుకు వచ్చిందన్నది. వాయిదాలు కట్టలేక బ్యాంకు పట్టుకెళ్లిన కార్లు ఒక రకం. ప్రమాదంలోనో వరదలోనో దెబ్బతిని బీమా కంపెనీ ద్వారా వచ్చినవి రెండో రకం. ప్రభుత్వ శాఖలు వదిలించుకునేవి, పోలీసులు ఎవరూ అడగని వాహనాలుగా అమ్మేవి మిగిలినవి. ప్రభుత్వ శాఖల వాహనాల మీద ఆశ పెట్టుకోకండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు, అవి తుక్కు కిందే లెక్క. పోలీసు వేలాల్లో పాత ఇనుము వ్యాపారులతో పోటీపడి ఇంటి కారు దక్కించుకోవడం కూడా అంత తెలివైన పని కాదు. మామూలు కుటుంబం చూడదగినవి బ్యాంకు కార్లు మాత్రమే.

వరద కార్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2020 అక్టోబరులో మన హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీట మునిగిన దృశ్యాలు అందరూ చూసినవే. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి డబ్బు చెల్లిస్తారు. ఆ కారు వేలానికి వెళ్తుంది. కొన్నవారు కడిగి, సీట్లు శుభ్రం చేసి, అత్తరు కొట్టి మళ్లీ అమ్మకానికి పెట్టవచ్చు. విజయవాడలో మునిగిన కారు మియాపూర్‌లో మెరుస్తూ కనిపించడానికి ఆట్టే కాలం పట్టదు.

కడిగినవారి చేయి చేరని చోట్లు మీరు చూడాలి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, మునిగిన కారైతే మడతల్లో బురద చార దొరకవచ్చు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింది గుంటలో వేలు పెట్టి బురద అంటుతుందేమో చూడండి. సీట్ల పట్టాలకు, డ్యాష్‌బోర్డు కింది మరలకు తుప్పు ఉంటే అది మామూలు చెమ్మ వల్ల వచ్చింది కాదు. హెడ్‌లైటు అద్దం లోపల ఆవిరి, వైర్ల సాకెట్లలో పచ్చటి చిలుము మరో రెండు గుర్తులు. ఎయిర్‌బ్యాగును నడిపించే పెట్టె చాలా కార్లలో గేరు దగ్గర నేలకు ఆనుకుని ఉంటుంది, మోకాలి లోతు నీరు వచ్చినా ముందు మునిగేది అదే. ఇంజనులోకి నీరు పోయాక స్టార్టు చేసి ఉంటే ఇంకా ప్రమాదం. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వంగినా కొంతకాలం నడుస్తుంది, నష్టం తర్వాత బయటపడుతుంది. వరద గుర్తు ఒక్కటి కనబడినా వెనక్కి వచ్చేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

బ్యాంకు కార్ల సమస్య వేరు. అవి యార్డులో నెలల తరబడి ఎండకూ వానకూ నిలబడతాయి. బ్యాటరీ చస్తుంది, టైర్లు నిలిచినచోట అణిగిపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. సాధారణంగా నడిపి చూడనివ్వరు, స్టార్టు చేసి వినడమే. 'ఎలా ఉన్నది అలా, ఎక్కడ ఉన్నది అక్కడ' అన్న షరతు ఉంటుంది, తర్వాత ఫిర్యాదు చేసే వీలుండదు. ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్కు ఉంటే ఒక పూట కూలి ఇచ్చి, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానరుతో సహా యార్డుకు తీసుకెళ్లండి. ఛాసిస్ నంబరును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఫోటోలు చూసి పాడేవారికి నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

ఇంజనుకన్నా ఎక్కువ మందిని ఏడిపించేది కాగితాలు. మామూలు అమ్మకంలో 29, 30 ఫారాల మీద పాత యజమాని సంతకం పెడతాడు. వాయిదాలు కట్టలేక కారు పోగొట్టుకున్న మనిషి మీకోసం ఖైరతాబాద్ ఆర్టీఏ దాకా వచ్చి సంతకం పెడతాడా? అలాంటప్పుడు ఫైనాన్స్ ఇచ్చినవారు తమ పేరిటే కొత్త ఆర్సీ తీసుకునే వీలు మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్‌లో ఉంది, అందుకు ఫారం 36. ఆ పని ఇప్పటికే అయిందా, కాకపోతే ఎవరు, ఎన్నాళ్లలో చేయిస్తారు అన్నది పాటకు ముందే రాతపూర్వకంగా అడగండి. ఫారం 35తో హైపోతికేషన్, అంటే ఆర్సీలో ఉన్న రుణ తాకట్టు నమోదు, రద్దు కూడా కావాలి. ప్రభుత్వం నిర్వహించిన బహిరంగ వేలంలో కొంటే దారి వేరు. అమ్మకపు ధ్రువపత్రం జతచేసి, బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32 ఇవ్వాలి. వేరే రాష్ట్రం నంబరైతే అక్కడి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి జీవితకాల పన్ను కలిసి చౌకదనాన్ని మింగేస్తాయి. నంబరు కొట్టి పెండింగ్ చలానాలూ చూడండి, అవి బండితోపాటే వస్తాయి.

ఇక లెక్క. ఊరికే ఉదాహరణకు: పాట 3,60,000. వేలం సంస్థ రుసుము, దాని మీద జీఎస్టీ కలిపి 15,000. లాగించుకు రావడానికి 5,000, బ్యాటరీకి 6,000, టైర్లకు 20,000, సర్వీసు, బ్రేకులకు 20,000, బీమాకు 12,000, చలానాలకు 8,000, బదిలీ ఖర్చులకు 5,000. మొత్తం 4,51,000. బయటి ఐదు లక్షలతో పోలిస్తే మిగులు 49,000. బీమా, బదిలీ ఖర్చులు బయట కొన్నా ఉంటాయి, నిజమే. కానీ క్లచ్చో ఏసీ కంప్రెసరో పోయిందంటే మిగులులో పెద్ద ముక్క కరిగిపోతుంది. బయటి ధరకన్నా కనీసం పాతిక శాతం తక్కువకు దొరకకపోతే ఈ తలనొప్పి దేనికి?

మీ హద్దును కాగితం మీద రాసుకుని, పక్కన ఇంట్లోవారిని కూర్చోబెట్టుకుని పాడండి. చివరి క్షణంలో ఎవరైనా పెంచితే గడువు మరికొన్ని నిమిషాలు పొడిగించే పద్ధతి చాలా ఆన్‌లైన్ వేలాల్లో ఉంది, పంతం పుట్టేది అక్కడే. హెచ్చుపాట మీదైనా బ్యాంకు ఆమోదించేదాకా కారు మీది కాదు, అందాకా పాటకు ముందు కట్టిన ధరావత్తు (డిపాజిట్) ఇరుక్కుంటుంది. ఆమోదం వచ్చాక మిగతా సొమ్ము గడువులోగా కట్టకపోతే ధరావత్తు పోయినట్టే. వాట్సాప్‌లో వచ్చే 'బ్యాంకు వేలం' ప్రకటనలకు బదులివ్వకండి. ధరావత్తును వేలం నోటీసులో ఉన్న సంస్థ ఖాతాకే కట్టాలి, ఏ వ్యక్తి ఖాతాకూ కాదు.

కారు చేతికొచ్చాక యార్డు నుంచి నడుపుకుంటూ రాకండి. బీమా గడువు ముగిసి ఉంటే దారిలో జరిగే ప్రతి నష్టం మీ మీదే పడుతుంది. లాగే బండి మీద తెప్పించి, అప్పగింత పత్రంలో తేదీతోపాటు సమయం కూడా రాయించుకోండి. చలానాల సంగతి ఎలా ఉన్నా, అంతకుముందు ఆ నంబరు మీద పడిన ప్రమాద, నేర కేసులకు మీరు బాధ్యులు కారని చూపించడానికి అది పనికొస్తుంది. యార్డువారు ఒకే తాళం ఇస్తే కొత్త తాళం కోడ్ చేయించి, పాత జతలోని రెండో తాళం పని చేయకుండా తీయించండి. ఆ రెండోది ఇంకా పాత యజమాని ఇంట్లోనే ఉండవచ్చు.