సొంత జిల్లా పోస్టుకే నాన్‌లోకల్ అయ్యారా? సమస్య - పరిష్కారం

హనుమకొండలో తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలకు చదివే పిల్లల దరఖాస్తులు చాలా ఏళ్లుగా నింపిపెడుతున్నాను. చిక్కుల్లో పడి వచ్చేవారిలో ఎక్కువ మంది చేయని పని ఒక్కటే: సబ్మిట్ నొక్కే ముందు పదో తరగతి మెమోను పక్కన పెట్టుకుని ప్రివ్యూను అక్షరం అక్షరం చదవడం. పేరులో ఇంటిపేరు ముందూ వెనకా కావడం, పుట్టిన తేదీ తప్పడం అక్కడే దొరికిపోతాయి. దయచేసి ఆ అయిదు నిమిషాలు ఆగండి.

ఫోటో, సంతకం అప్‌లోడ్ కాకపోతే ఫైలు ప్రకటనలో చెప్పిన కేబీలకు లోబడి ఉందో లేదో చూడండి. ఫీజు కట్ అయి రసీదు రాకపోతే పేమెంట్ స్టేటస్ చూడకుండా రెండోసారి కట్టకండి.

అసలు దెబ్బ తీసేది స్థానికత, అంటే ఉద్యోగాల్లో మిమ్మల్ని ఏ జిల్లా వారిగా లెక్కిస్తారన్నది. దరఖాస్తు చక్కగా వెళుతుంది, హాల్‌టికెట్ వస్తుంది, ర్యాంకూ వస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో మాత్రం ఆ జిల్లాకు నాన్‌లోకల్ అని తేలుతుంది. 95 శాతం పోస్టులు స్థానికులకే కాబట్టి ఇక మిగిలేది చాలా తక్కువ.

దీనికి కారణాలు రెండు, అవి తరచుగా కలిసే వస్తాయి. స్థానికతను తేల్చే 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో చదివిన ఏళ్లను పదో తరగతి నుంచి వెనక్కి లెక్కించేవారు, ఇంట్లో పెద్దలు ఇప్పటికీ అదే చెబుతారు. దాని స్థానంలో వచ్చిన 2018 ఉత్తర్వు ప్రకారం చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు, అందులో కనీసం 4 ఏళ్లు ఎక్కడ చదివారన్నది. రెండోది, 2016లో జిల్లాలు విడిపోయినా పాత బోనఫైడ్ల (బడి ఇచ్చే చదువు ధ్రువపత్రాల) మీద ‘వరంగల్ జిల్లా’ అనే ఉంటుంది. ములుగు 2019లో వేరే జిల్లా అయింది. పరకాల మొదట వరంగల్ రూరల్‌లోకి వెళ్లి, 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. కమలాపూర్ వాళ్ల పాత కాగితాల్లోనైతే కరీంనగర్ అని ఉంటుంది.

ఒక అమ్మాయి అయిదో తరగతి దాకా ములుగులో, ఆ తర్వాత వరంగల్‌లో చదివింది. అన్ని బోనఫైడ్లలోనూ వరంగల్ అనే ఉండడంతో నేను అదే నింపాను. నిజానికి ఆమె స్థానికత ములుగుది. జిల్లాయే కాదు, జోన్ (ఉద్యోగాల కోసం కొన్ని జిల్లాలను కలిపిన విభాగం) కూడా మారింది: భద్రాద్రి జోన్ పోయి కాళేశ్వరం జోన్ అయింది. ఆ పోస్టు ఆమెకు దక్కలేదు. ఆ తప్పు నాది, ఈ రోజుకీ బాధపెడుతుంది.

అందుకే ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే ముందే ఒక తెల్లకాగితం మీద ఏడు తరగతులకు ఏడు వరుసలు గీయిస్తాను: ఏ సంవత్సరం, ఏ బడి, ఏ ఊరు, ఏ మండలం, ఆ మండలం ఈనాడు ఏ జిల్లాలో ఉంది. చివరి గడిని బోనఫైడ్ చూసి కాకుండా ప్రస్తుత మండలాల జాబితా చూసి నింపాలి. నాలుగుకు తగ్గకుండా వచ్చిన జిల్లాయే మీది, ఇప్పుడు ఇల్లు ఎక్కడున్నా సరే. ఆ వివరాలను ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో (పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఒక్కసారి చేసుకునే నమోదులో) సరిదిద్దాలి, ఎందుకంటే దరఖాస్తు వాటినే తీసుకుంటుంది. ఇప్పటికే పంపేసి ఉంటే, ప్రకటనలో సవరణ గడువు ఇచ్చినప్పుడు మొదటి రోజే మార్చుకోండి.

బడికి వెళ్లకుండా ప్రైవేటుగా చదివినవారు అరుదు. వారికి ఆ ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.