తుంటి నొప్పి: ఎక్స్‌రే బాగుందని పంపేసే ముందు

మాత్రలు రాసే ముందు "ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించు పెద్దాయనా" అనండి. ఓపీ ఎంత కిటకిటలాడినా దీనికి అర నిమిషం చాలు. అయినా అందరూ వదిలేసేది దీన్నే.

వేలు తుంటి పక్క ఎముక మీద ఆగి, ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నారంటే చాలావరకు కీలు తప్పు కాదు, ఎముకను పట్టుకున్న కండర బంధాలది. ఆ వైపు పడుకోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మాన్పించి, పిరుదు కండరాలకు వ్యాయామం నేర్పండి. తగ్గడానికి వారాలు పడుతుందని ముందే చెప్పండి. పిరుదు నుంచి మోకాలి కిందికి గుంజుతుంటే నడుము చూడండి.

గజ్జలో చూపిస్తే కీలును అనుమానించాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి, మోకాలు మడిచి, పాదాన్ని బయటికి తిప్పండి. కీలుదైతే గజ్జలో కలుక్కుమంటుంది. పెద్ద వయసులో ఎక్కువగా అరుగుదలే. వ్యాయామం, బరువు తగ్గడం, నొప్పికి రెండో వైపు చేతిలో కర్ర.

అసలు మోసం ముప్ఫై, నలభై ఏళ్ల వాళ్ల దగ్గరే. మోకాలి నొప్పి అని వస్తాడు, మోకాలు చూస్తే శుభ్రంగా ఉంటుంది. తుంటి తిప్పితే అదిరిపడతాడు. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. కనిగిరి, పొదిలి వైపు మనిషైతే ఇక చర్చే లేదు, "ఫ్లోరైడ్ నీళ్లు" అని రాసేస్తారు. ఆ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు, ఫ్లోరోసిస్, ఇక్కడ నిజమే, 1937లోనే ఈ ప్రాంతం నుంచి పరిశోధన పత్రం వచ్చింది. కానీ అది మెడ, వెన్ను బిగుసుకునే జబ్బు. ఒక్క గజ్జలోనే నొప్పి ఉంటే నీళ్ల మీదికి తోసేయకండి. తాగుడు అలవాటు అడగండి, ఒళ్లునొప్పులకు ఎక్కడైనా స్టెరాయిడ్ సూదులు వేయించుకున్నాడా అడగండి. ఈ రెండింటి వల్ల తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడవచ్చు (అవాస్క్యులర్ నెక్రోసిస్, ఏవీఎన్). మొదట్లో ఎక్స్‌రేకి చిక్కదు, ఎంఆర్ఐలోనే దొరుకుతుంది. తల కుంగిందంటే చాలామందికి కీలు మార్పిడే దారి. కుంగకముందే కర్ర ఇచ్చి, తాగుడు మాన్పించి, ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లో ఎముకల డాక్టరుకు పంపండి. రెండో తుంటిని కూడా చూడమనండి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ల చేత మాత్రం ఒక్కసారిగా ఆపించకండి.

జారిపడి నిలబడలేని ముసలమ్మకు ఎక్స్‌రే బాగున్నా విరగలేదనుకోవద్దు. జ్వరంతో కాలు మోపని పిల్లాడిని అదే రోజు పంపాలి. క్షయ, ఎముక కణితులు అరుదు. రాత్రి నొప్పి, బరువు తగ్గడం ఉంటే వాటిని అనుమానించండి. పంపే చీటీలో ఒట్టి "తుంటి నొప్పి" అని రాయకండి. ఏ వైపు తిప్పితే నొప్పి, తాగుడు, సూదుల సంగతి రాయండి.