సర్ఫేస్‌లో లోపం, కర్వ్‌లో కారణం: పుస్తకం చూసి రైనో నేర్చుకునేవారికి సమస్య - పరిష్కారం

పుస్తకం పక్కన పెట్టుకుని రైనో అనే త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో నర్బ్స్ సర్ఫేస్‌లు (గణిత సూత్రాలతో మలిచే నున్నని వంపు తలాలు) నేర్చుకునేవారికి ఒక అనుభవం తప్పదు. ప్రతి మెట్టూ పుస్తకం చెప్పినట్టే చేసినా, అచ్చులో నున్నగా కనిపించే సీసా భుజం మన తెరమీద మెలిపడుతుంది, ముడతలు పడుతుంది, లేదా అసలు ఏర్పడనే ఏర్పడదు. అచ్చుబొమ్మ ఫలితాన్ని చూపుతుంది గాని, ఆ సర్ఫేస్‌కు ఆధారమైన కర్వ్‌లలో (వంపు గీతలలో) వాటి ఆకారాన్ని మలిచే కంట్రోల్ పాయింట్లు ఎన్నున్నాయో, ఏ కర్వ్ ఎటునుంచి ఎటు నడుస్తుందో చూపడం అరుదు. అందుకే కింది సమస్యలలో చాలావాటికి మందు సర్ఫేస్ దగ్గర కాక, దానికి ముందు గీసిన కర్వ్ దగ్గర దొరుకుతుంది.

పుస్తకం చెప్పిన బటన్ తెరమీద లేదు

పుస్తకం పాత వెర్షన్‌కు రాసినదై ఉంటుంది. వెర్షన్ మారినప్పుడు ఐకాన్ల చోటు మారినంతగా కమాండ్ల పేర్లు మారవు కనుక, బటన్ కోసం వెతకడం మాని కమాండ్ పేరును టైప్ చేయడం మేలు. ఎఫ్2 నొక్కితే అంతవరకు ఇచ్చిన కమాండ్ల చరిత్ర కనిపిస్తుంది. పొరపాటు ఏ మెట్టులో జరిగిందో అక్కడ పట్టుకోవచ్చు.

లాఫ్ట్ చేస్తే సర్ఫేస్ పిండిన బట్టలా మెలితిరుగుతోంది

లాఫ్ట్ అంటే వరుసగా ఉన్న కర్వ్‌ల మీదుగా సర్ఫేస్ పరచడం. తెరిచి ఉన్న కర్వ్‌లైతే, ఒకదాన్ని ఎడమ కొస దగ్గర, మరొకదాన్ని కుడి కొస దగ్గర క్లిక్ చేసి ఉంటారు. అన్నింటినీ ఒకే వైపు కొస దగ్గర, వరుస క్రమంలో ఎంచుకుంటే సమస్య తీరుతుంది. మూసిన కర్వ్‌లైతే, వాటి సీమ్ బిందువులు (కర్వ్ మొదలై ముగిసే చోట్లు) ఒకే వరుసలో లేకపోవడమో, దిశలు ఎదురెదురుగా ఉండడమో కారణం. లాఫ్ట్ మధ్యలో రైనో బాణం గుర్తులు చూపి ఆగేది ఇందుకే. చాలామంది (మొదట్లో నేనూ అంతే) ఆ బాణాలను పట్టించుకోకుండా ఎంటర్ నొక్కేస్తారు. అక్కడే బిందువులను జరిపి ఒక వరుసలోకి తెచ్చి, తిరగబడిన బాణాన్ని ఫ్లిప్ ఆప్షన్‌తో తిప్పాలి.

ఆకారం సరిగానే ఉంది, కానీ మెరుపులో అలలు కనిపిస్తున్నాయి

నేర్చుకునేవారి పనిలో ఎక్కువగా కనిపించే దోషం ఇదే. ఫొటోను వెనుక పెట్టుకుని అంచు వెంట క్లిక్ చేస్తూ పోతే 25 పాయింట్ల కర్వ్ తయారవుతుంది. చేతి వణుకంతా ఆ పాయింట్లలో చేరి, రివాల్వ్ చేయగానే (అక్షం చుట్టూ తిప్పగానే) సర్ఫేస్ మీద అలగా తేలుతుంది. కర్వ్‌కు కావలసిన కనీస పాయింట్లు దాని డిగ్రీ (కర్వ్ సమీకరణపు ఘాతం) కంటే ఒకటి ఎక్కువ, అంటే డిగ్రీ 3 కర్వ్‌కు 4, డిగ్రీ 5 కర్వ్‌కు 6. సీసా వంటి సాదా వస్తువు పక్క గీతకు అంతకు మించి అవసరం రావడం అరుదు.

పరీక్షించడానికి కర్వ్‌ను ఎంచుకుని కర్వేచర్‌గ్రాఫ్ ఇవ్వాలి. దువ్వెన పళ్లలా లేచే ఆ గీతల కొసలు నెమ్మదిగా పెరిగి తగ్గుతుంటే కర్వ్ మంచిది. అవి అటూ ఇటూ ఎగిరిపడుతుంటే చెడ్డది. అప్పుడు రీబిల్డ్‌లో పాయింట్ల సంఖ్య తగ్గించి, పాత ఆకారం నుంచి ఎంత దూరం జరిగిందో ఆ పెట్టెలోనే చూసుకుని, మిగిలిన తేడాను ఎఫ్10 నొక్కి పాయింట్లను చేత్తో జరిపి సరిచేయాలి. సర్ఫేస్‌ను చెరిపి మళ్లీ చేయడానికి మనసొప్పదు గాని, సర్ఫేస్ మీదే అలలను సరిచేయబోతే ఒక చోట అణచినది మరో చోట లేస్తుంది.

రెండు సర్ఫేస్‌లు కలిసేచోట గీత కనిపిస్తోంది

సర్ఫేస్ మీద చారలు చూపే జీబ్రా కమాండ్ పెట్టి చూడండి. చారలు అతుకు దగ్గర తెగి పక్కకు జరిగితే అంచులు తాకుతున్నాయంతే. దీన్ని జీ0 అంటారు. చారలు కలిసి ఉన్నా అతుకు దగ్గర కోణంగా విరిగితే దిశ మాత్రమే కలిసింది, అది జీ1. విరుపు లేకుండా సాగిపోతే వంపు కూడా కలిసినట్టు, అది జీ2. ఒక సర్ఫేస్ అంచును మరోదానికి కలిపే మ్యాచ్‌సర్ఫ్‌లో కర్వేచర్ (వంపు) ఎంచుకుంటే అంచు నుంచి మూడు వరుసల పాయింట్లు కదులుతాయి. రెండు కొసలా ఇలా కలపాలంటే 6 వరుసలు కావాలి. 4 వరుసలే ఉంటే ఒక కొసను కలిపినప్పుడు రెండోది చెదురుతుంది. మార్చవలసిన అంచు ట్రిమ్ చేసినదై (కత్తిరించినదై) ఉండకూడదన్నది మరో షరతు.

స్వీప్2 చేస్తే సర్ఫేస్ మీద వలలాగా గీతలు కిక్కిరిసిపోయాయి

స్వీప్2 రెండు రైల్ కర్వ్‌ల (పట్టాల్లాంటి దారి గీతల) వెంట మరో కర్వ్‌ను నడిపి సర్ఫేస్ చేస్తుంది. ఆ రెండు రైల్ కర్వ్‌లకు డిగ్రీ, పాయింట్ల సంఖ్య వేరువేరుగా ఉన్నందువల్ల ఇలా జరుగుతుంది. ఒక రైల్ గీసి, రెండోదాన్ని విడిగా గీయకుండా మొదటిదాన్నే కాపీ చేసి పాయింట్లను జరిపితే, రెండింటి నిర్మాణం ఒకటిగానే ఉంటుంది.

కర్వ్‌లు తాకుతున్నట్టే ఉన్నా నెట్‌వర్క్‌సర్ఫ్ పని చేయడం లేదు

నెట్‌వర్క్‌సర్ఫ్ అడ్డంగా, నిలువుగా దాటే కర్వ్‌ల వల మీద సర్ఫేస్ పరుస్తుంది. టాప్ వ్యూలో కలిసినట్టు కనిపించే కొసలను పర్‌స్పెక్టివ్‌లో తిప్పి చూస్తే, ఒకటి పైన, ఒకటి కింద ఉండవచ్చు. స్నాప్ (ఉన్న బిందువుకు కర్సర్ అతుక్కోవడం) లేకుండా క్లిక్ చేసిన పాయింట్ ఆ వ్యూ కన్‌స్ట్రక్షన్ ప్లేన్ (గీయడానికి ఆధారమైన తలం) మీద పడుతుంది. స్నాప్ ఎంపికలుండే ఓస్నాప్‌లో ప్రాజెక్ట్ ఆన్‌లో ఉంటే, స్నాప్ అయిన పాయింట్ కూడా ఆ ప్లేన్ మీదికే దిగిపోతుంది. ప్రాజెక్ట్ తీసేసి, ఎండ్ పెట్టుకుని కొసలను మళ్లీ కలపాలి. ఒక దిశలోని ప్రతి కర్వ్ రెండో దిశలోని ప్రతి కర్వ్‌నూ దాటాలి. ఒకే దిశలోనివి ఒకదాన్నొకటి దాటకూడదు.

మొన దగ్గర ముడతలు. పాయింట్లు సర్ఫేస్ బయట తేలుతున్నాయి

నర్బ్స్ సర్ఫేస్ స్వభావరీత్యా నాలుగు అంచుల వస్త్రం. మూడు అంచులతో చేస్తే నాలుగో అంచు ఒక బిందువుగా నలిగి, మూటకట్టినచోట లాగానే అక్కడ ముడతలు వస్తాయి. అవసరం కంటే పెద్ద నాలుగంచుల సర్ఫేస్ చేసి, కావలసిన ఆకారానికి ట్రిమ్ చేయడం దీనికి సరైన దారి. ట్రిమ్ చేసినా అడుగున వస్త్రమంతా అలాగే ఉంటుంది కనుక పాయింట్లు బయట కనిపిస్తాయి. ష్రింక్‌ట్రిమ్డ్‌సర్ఫ్ దాన్ని కుదిస్తుంది.

జాయిన్ కావడం లేదు. త్రీడీ ప్రింటర్‌కు పంపితే రంధ్రాలంటోంది

షోఎడ్జెస్‌లో నేకెడ్ ఎడ్జెస్ ఎంచుకుంటే విడిగా ఉన్న అంచులు రంగులో కనిపిస్తాయి. అంచుల మధ్య ఖాళీ ఫైల్ టాలరెన్స్‌కు (అనుమతించే తేడాకు) మించినందువల్ల అవి అతకవు. స్మాల్ ఆబ్జెక్ట్స్ మిల్లీమీటర్ టెంప్లేట్‌లో ఆ టాలరెన్స్ 0.001 మిల్లీమీటర్. పుస్తకం అంగుళాలలో చెబుతుంటే మన ఫైల్ మిల్లీమీటర్లలో ఉండడం తరచు జరిగే పొరపాటు. యూనిట్లను మొదటి గీతకు ముందే సరిచూసుకోవాలి, ఎందుకంటే తరువాత టాలరెన్స్ మార్చినా అప్పటికే చేసిన అంచులు కదలవు. జాయిన్‌ఎడ్జ్ వాడితే అంచులు కలిశాయని రాసుకుంటుందే గాని ఖాళీ అలాగే ఉంటుంది. నా దృష్టిలో అది చివరి దారి.

ఫిల్లెట్ఎడ్జ్ విఫలమవుతోంది

అంచును గుండ్రం చేసే ఈ కమాండ్‌కు ఇచ్చిన వ్యాసార్ధం చాలాసార్లు ఆ చోటి వంపు వ్యాసార్ధం కంటే పెద్దదై ఉంటుంది. తగ్గించి చూడండి.

నున్నని సర్ఫేస్ అంచులు రంపంలా కనిపిస్తున్నాయి

ఇది చాలాసార్లు సర్ఫేస్ దోషం కాదు. తెరమీద చూపడానికి రైనో వాడే మెష్ (చిన్న చదును ముక్కల వల) ముతకగా ఉంటే అలా కనిపిస్తుంది. మెష్ సెట్టింగ్‌లో స్మూత్ అండ్ స్లోయర్ పెడితే పోతుంది. పోకపోతే, మోడల్ సున్నా బిందువు నుంచి ఎంత దూరంలో ఉందో చూడాలి. ఉదాహరణకు హైదరాబాద్ స్థలానికి యూటీఎం (భూమి మీది చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) కొలతలతో వచ్చిన సర్వే డ్రాయింగ్‌లో ఉత్తరపు విలువ 19 లక్షల మీటర్ల పైచిలుకు ఉంటుంది, మిల్లీమీటర్లలో అది పది అంకెల సంఖ్య. తెరమీద బొమ్మకు గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా వాడే సింగిల్ ప్రెసిషన్ (సంఖ్యలను దాచే పద్ధతి) సుమారు 7 అంకెల వరకే నమ్మదగినది. డ్రాయింగ్ మొత్తాన్ని సున్నా దగ్గరికి జరిపి, జరిపిన దూరాన్ని ఫైల్ నోట్స్‌లో రాసి ఉంచి, పని ముగిశాక వెనక్కి పంపాలి.