ఇంట్లోనే ఫ్రూట్ కాఫీలు: ఏ పండుకి పాలు, ఏ పండుకి ఐసు

కాఫీలో పండ్ల రసమేంటండీ అని మొహం చిట్లించేవాళ్ళకి ముందు ఒక మాట, కాఫీ గింజ వచ్చేదే పండులోంచి. చలికాలంలో అరకు వైపు వెళ్తే చెట్ల మీద ఎర్రగా గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి చూడండి, ఒకటి కోసి నోట్లో వేసుకుంటే పలచగా తియ్యటి గుజ్జు, దాని లోపల రెండు గింజలు. ఆ పండుని గింజతో సహా అలాగే ఎండబెడితే ఆ కాఫీకి పండు వాసన దానంతట అదే వస్తుంది, అలాంటి ప్యాకెట్ల మీద నేచురల్ ప్రాసెస్ అని రాసుంటుంది. అంటే పండుకీ కాఫీకీ ఏ గొడవా లేదు, గొడవంతా పుల్లటి పండుకీ పాలకీ.

ఇది ఒక్కటి గుర్తుంటే మిగతాది మీ ఇష్టం. నిమ్మ, బత్తాయి, కమలా, పైనాపిల్, స్ట్రాబెర్రీ ఇవన్నీ పాలు లేని కాఫీలోకి, అరటి, మామిడి, సీతాఫలం, సపోటా, ఖర్జూరం ఇవి పాలతో. పులుపు తగిలిందంటే పాలల్లో ప్రోటీన్ ముద్దకడుతుంది, వేడి పాలైతే మరీ తొందరగా, ఇక ఎంత ఖరీదు పొడి వేసినా పైన నీళ్ళు కింద తరకలు అయ్యి కూర్చుంటుంది.

తర్వాత పొడి సంగతి. మనం రోజూ వాడే ఫిల్టర్ కాఫీ పొడుల్లో చాలావాటిల్లో చికోరీ, అంటే ఒక మొక్క వేరుని వేయించి కొట్టిన పొడి, కలిసి ఉంటుంది, ఎంత శాతమో ప్యాకెట్ మీదే రాస్తారు. పాలల్లోకి అది బాగుంటుంది, చిక్కదనం వస్తుంది, అరటిపండు కాఫీకైతే నేను చికోరీ ఉన్నదే వాడతాను. కానీ అదే డికాక్షన్ తీసుకెళ్ళి బత్తాయి రసంలో పోస్తే ఆ మాడిన చేదు ఒకపక్క, రసం ఒకపక్క, రెండూ కలవవు. పులుపు పళ్ళకి చికోరీ లేని ప్యూర్ కాఫీ, అది కూడా అరబికా రకం గింజలు, మీడియం రోస్ట్ అంటే మరీ నల్లగా మాడకుండా వేయించినవి అయితే బెస్ట్. అరకు కాఫీ దొరికితే ఇంకేం ఆలోచించకండి.

ఈ పుల్లటి డ్రింకులకి వేడి డికాక్షన్ కన్నా కోల్డ్ బ్రూ నయం, ఎందుకంటే చల్లనీళ్ళలో నానిన కాఫీలో చేదు తక్కువ దిగుతుంది. 50 గ్రాముల పొడి, 400 మిల్లీలీటర్ల మంచినీళ్ళు, గాజు సీసాలో పోసి గరిటెతో ఒకసారి కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, రాత్రి పెడితే పొద్దున్నకి అంటే 12 నుంచి 14 గంటలకి రెడీ. పొడి మాత్రం ఇడ్లీ రవ్వంత బరకగా ఉండాలి, ఫిల్టర్ కోసం పట్టే మెత్తటి పొడి వేస్తే వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోయి ప్రాణం తీస్తుంది, కాబట్టి గింజలు కొన్నచోటే బరకగా పట్టించుకోండి. ముందు టీ వడపోసే జల్లెడలో, ఆ తర్వాత పలచటి నూలు గుడ్డలో వడకట్టండి, పిండకండి, పిండితే మడ్డి దిగుతుంది. పొడి కొంత నీరు పీల్చేసుకోగా 300 దాకా చిక్కటి కాఫీ మిగులుతుంది, ఒక్కో గ్లాసుకి 40 నుంచి 60 మిల్లీలీటర్లు వేసుకుంటారు కాబట్టి ఇంట్లో నలుగురుంటే ఒక పూటకి సరిపోతుంది, ఒక్కరే అయితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు దాచుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే ఒకటిన్నర స్పూను ఇన్‌స్టంట్ పొడి, చికోరీ లేనిది, 50 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి చల్లార్చి వాడండి, పని జరుగుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన బత్తాయి కాఫీ. రెండు బత్తాయిలు తీసుకుని అడ్డంగా కోసి చేత్తో పిండండి, మిక్సీలో వేస్తే గింజలూ తెల్లటి పొరా నలిగి చేదెక్కుతుంది. ఇంకోటి, బత్తాయి రసం పిండి కాసేపు వదిలేసినా దానంతట అదే చేదెక్కుతుంది, బండి దగ్గర జ్యూస్ పార్సిల్ తెచ్చుకుని ఇంటికొచ్చి తాగేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, అందుకని ముందు కాఫీ, ఐసు, గ్లాసు అన్నీ రెడీగా పెట్టుకుని ఆఖర్న రసం పిండండి. పొడుగాటి గ్లాసులో 120 మిల్లీలీటర్ల రసం, ఒక స్పూను చక్కెర వేసి కరిగేదాకా కలిపి, గ్లాసు నిండా ఐసు వేసి, స్పూను బోర్లించి దాని వీపు మీదుగా 50 మిల్లీలీటర్ల కోల్డ్ బ్రూ మెల్లగా పొయ్యండి. చక్కెర కలిపిన రసం బరువు కాబట్టి కింద ఉండిపోతుంది, కాఫీ పైన నిలబడుతుంది, కింద పసుపు పైన గోధుమరంగు. ఫొటో తీసుకుంటే తీసుకోండి గానీ తాగేముందు మాత్రం కలపండి, లేకపోతే మొదట అంతా చేదు చివర అంతా తీపి. చిటికెలో సగం ఉప్పు వెయ్యండి, చేదు నాలుక మీద తగ్గుతుంది. కమలా రసంతోనూ ఇదే పద్ధతి.

నిమ్మకాయతో అయితే ఇంకా సింపుల్, మామూలుగా చేసుకునే నిమ్మరసం, నీళ్ళూ చక్కెరా కలిపింది, అందులో నీళ్ళకి బదులు సోడా పోసినా సరే, ఐసు వేసి పైన కాఫీ. సోడా అయితే మాత్రం గ్లాసు నిండా పొయ్యకండి, కాఫీ తగలగానే నురగ పొంగి బల్ల మీదకి వచ్చేస్తుంది. పోర్చుగల్‌లో నిమ్మకాయ ఐస్ కాఫీని మజగ్రాన్ అంటారు, అల్జీరియాలో ఒక ఊరి పేరు అది. మన దగ్గర ఎవరికైనా నిమ్మకాయ టీ ఇస్తే మాట్లాడకుండా తాగుతారు, నిమ్మకాయ కాఫీ అంటేనే అనుమానం.

పైనాపిల్‌ని పచ్చిగా వాడకుండా సిరప్ కాయడం మంచిది. 200 గ్రాముల ముక్కలు, 100 గ్రాముల చక్కెర, అర గ్లాసు నీళ్ళు, చిన్న మంట మీద పావుగంట ఉడికించి గరిటెతో మెదిపి వడకట్టండి, మన్యం నుంచి వచ్చే నాటు అనాసపండు అయితే ఆ ఉడికే వాసనకే సగం కడుపు నిండుతుంది. పచ్చి పైనాపిల్‌లో పాల ప్రోటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, పచ్చి ముక్కలతో మిల్క్‌షేక్ చేసి కాసేపు ఉంచితే చేదు రావడానికి అదే కారణం, ఉడికిస్తే అది పోతుంది. అయినా నేను పాలు కలపను, రెండు స్పూన్ల సిరప్, ఐసు, చల్లటి నీళ్ళు, కాఫీ, అంతే. స్ట్రాబెర్రీ సిరప్ కూడా ఇలాగే, కాకపోతే పది నిమిషాలు చాలు.

పాలతో చేసేవాటికి వద్దాం. అరటి అందరికీ నచ్చుతుంది, పిల్లలకి ఇవ్వకండి గానీ వాళ్ళే ముందు అడుగుతారు. బాగా మగ్గిన చక్కెరకేళి రెండు చక్రాల్లా కోసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి, ఒక గ్లాసు కాచి చల్లార్చిన పాలు, చిక్కటి డికాక్షన్ మూడు నాలుగు స్పూన్లు, కాస్త యాలకుల పొడి, మిక్సీలో ఒక్క నిమిషం, ఐస్‌క్రీమంత చిక్కగా వస్తుంది, చక్కెర అక్కర్లేదు. చక్కెర మానేసినవాళ్ళు అరటికి బదులు ఖర్జూరాలు నాలుగు వేడినీళ్ళలో నానబెట్టి గింజ తీసి వేసుకుంటున్నారు, అది తీపి లేకుండా పోదు, తీపి వేరే రూటులో వస్తుంది అంతే.

మామిడికి బంగినపల్లి గుజ్జు బాగుంటుంది, పీచుండదు. రసాలైతే పిసికి జల్లెడ పట్టాలి, కష్టమైనా రుచి ఎక్కువ. నాలుగు స్పూన్ల గుజ్జు గ్లాసు అడుగున, ఐసు, చల్లటి పాలు, పైన కాఫీ. మామిడి వాసన ముందు మామూలు కాఫీ కనపడకుండా పోతుంది కాబట్టి ఇక్కడ కాఫీ ఘాటుగా ఉండాలి, 60 మిల్లీలీటర్లు తగ్గకూడదు, ఫిల్టర్ మొదటి డికాక్షన్ అయినా పర్లేదు, చల్లార్చి వాడండి. పండు తియ్యగా ఉంటేనే పాలు, కాస్త పులుపున్నా పాలు మానెయ్యండి. అమెరికాలో ఉన్నవాళ్ళు డబ్బా గుజ్జు వాడతారు, చాలావాటిల్లో చక్కెర కలిపే ఉంటుంది, డబ్బా వెనక చూసుకుని వేసుకోండి.

సీతాఫలం విషయంలో రెండు జాగ్రత్తలు. గింజలతో మిక్సీ తిప్పకండి, సీతాఫలం గింజలు తినేవి కావు, చేత్తోనో జల్లెడ మీద రుద్దో గుజ్జు వేరుచెయ్యండి. రెండోది, ఆ గుజ్జుని వేడి చెయ్యకండి, చేదెక్కుతుంది, కాబట్టి చల్లటి పాలు, చల్లటి కాఫీ మాత్రమే.

ఇవన్నీ చల్లటివే కదా, మా ఇంట్లో వేడి కాఫీ తప్ప ముట్టరు అంటే దానికీ దారుంది. కమలాపండు తొక్కని వేడినీళ్ళతో రుద్ది కడిగి, పైన నారింజ రంగు పొర మాత్రం చాకుతో పలచగా రెండు పేళ్ళు తీసి, లోపలి తెల్లది రాకుండా, ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసేటప్పుడే మధ్యలో పెట్టి వేడినీళ్ళు పొయ్యండి. తొక్కలో ఉండేది నూనె, పులుపు కాదు, అందుకే ఆ డికాక్షన్‌లో ఎంత మరిగిన పాలు పోసినా విరగవు, మామూలు మన కాఫీయే, కప్పు దగ్గరకి తెచ్చుకుంటే కమలా వాసన. పేళ్ళు రెండు దాటనివ్వకండి, మూడోది వేస్తే సబ్బు వాసన మొదలవుతుంది.

నేరేడు, దానిమ్మ ట్రై చెయ్యొచ్చా అంటే దానిమ్మ గింజలు మెత్తగా నలిపి వడకడితే పర్లేదు, నేరేడు వద్దు, దాని వగరూ కాఫీ చేదూ కలిసి నాలుక పిడచకట్టుకుపోతుంది. కొబ్బరిబోండాం మాత్రం తప్పకుండా చెయ్యండి, 150 మిల్లీలీటర్ల చల్లటి బోండాం నీళ్ళలో 40 మిల్లీలీటర్ల కోల్డ్ బ్రూ, ఐసు కూడా వద్దు, కరిగితే పలచబడుతుంది. లేత కొబ్బరి ఉంటే సన్నగా గీరి అందులోనే వేసి స్పూనుతో తినండి.