టైప్ 1 షుగర్ ఉన్న పసివాళ్లను చూసుకునే మనిషి: ఎక్కడ వెతకాలి, ఏం నేర్పాలి

ఏజెన్సీకి ఫోన్ చేసి ‘మా బాబుకు షుగర్ ఉందండీ, చూసుకునే మనిషి కావాలి’ అనగానే ‘షుగర్ పేషెంట్లను చూసుకున్నవాళ్లే ఉన్నారు సార్’ అంటారు. జాగ్రత్తపడాల్సింది అక్కడే. వాళ్లు పంపే ఆవిడ చూసుకున్నది ఏ డెబ్భై ఏళ్ల తాతగారినో అయ్యుంటుంది. ఆ ఇంట్లో నేర్చుకున్నది ఒకటే: తీపి పెట్టకూడదు. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాక, రోజూ బయటి నుంచి ఇవ్వాల్సిన షుగర్) ఉన్న మూడేళ్ల పిల్లాడికి షుగర్ 55కి పడిపోయినప్పుడు కావాల్సింది ఆ తీపే. అందుకే షుగర్ గురించి సగం తెలిసిన మనిషి కంటే, ఏమీ తెలియకపోయినా కంగారుపడని మనిషికి నేర్పడం తేలిక.

వెతకడం పిల్లాడిని చూపించే డాక్టర్ దగ్గరే మొదలుపెట్టండి. నిలోఫర్, నిమ్స్, ఉస్మానియా ఓపీల్లో గానీ, ప్రైవేట్ పిల్లల ఎండోక్రైనాలజీ (హార్మోన్లు, షుగర్ చూసే) క్లినిక్‌లో గానీ పక్క కుర్చీలో కూర్చున్న అమ్మకు మీ బాధ సగం చెప్పేలోపే అర్థమవుతుంది. టైప్ 1 పిల్లలున్న రెండు కుటుంబాలు దగ్గర దగ్గరగా ఉంటే, శనివారం మీ ఇంట్లో, ఆదివారం వాళ్లింట్లో అన్నట్టు వంతులేసుకోవచ్చు. ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. తర్వాత అపార్ట్‌మెంట్‌లోనే ఉండే పక్కింటి ఆంటీ, నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. ఏజెన్సీ ఆయా ఆ తర్వాతే. అమ్మమ్మ, నానమ్మ ఉంటే అదృష్టమే, కానీ వాళ్లకూ అందరితో పాటు నేర్పాల్సిందే. ‘ఏడుస్తున్నాడని ఒక్క బిస్కెట్టే పెట్టానే’ అనేది ఎక్కువగా వినిపించేది అక్కడే.

మనిషిని మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ‘బాబుకు చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, మేం ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేస్తావమ్మా?’ సరైన జవాబు ఇంకా తెలియదు కాబట్టి, ఆలోచన ఎటు పోతుందో చూడండి. పక్కింటివాళ్లను పిలుస్తానంటే మనిషి పనికొస్తుంది. కాసేపు పడుకోబెడతానంటే ఆలోచించండి. రెండోది: ‘ఇదివరకు చూసుకున్న పిల్లలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? ఇంట్లోవాళ్లకు చెప్పావా?’ తప్పు దాచే అలవాటున్న మనిషి ఎంత మంచిదైనా ఈ పనికి కాదు. చెప్పకుండా తినిపించిన అరటిపండు వల్ల షుగర్ పెరుగుతుంది, కారణం తెలియక మీరు ఇన్సులిన్ లెక్కలు మారుస్తారు, మర్నాడు ‘లో’ అవుతుంది, అంటే షుగర్ పడిపోతుంది. ‘పెట్టినందుకు ఏమీ అనం, చెప్పకపోతేనే సమస్య’ అని మొదటి రోజే చెప్పండి. తర్వాత కొత్త లాన్సెట్ (వేలు పొడిచే చిన్న సూది) వేసి గ్లూకోమీటర్ చేతికివ్వండి. తన వేలు తనే పొడుచుకుని చూసుకోగలిగితే పిల్లాడి వేలికీ భయపడదు.

పనిని ముక్కలు చేయడం అన్నిటికంటే ముఖ్యం. షుగర్ పడిపోవడం గుర్తుపట్టి గ్లూకోజ్ ఇవ్వడం అందరికీ నేర్పాలి. వేలు పొడిచి నంబర్ చెప్పడం రెండో మెట్టు. ఇన్సులిన్ ఇవ్వడం మూడోది, దాన్ని కొన్ని నెలలు మీ దగ్గరే ఉంచుకోండి. భోజనానికి ముందు వేసే వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి రెండు గంటల్లో గట్టిగా పనిచేసి, మూడు నాలుగు గంటల్లో దాదాపు తగ్గిపోతుంది. ఉదయం ఎనిమిదికి మీరే ఇన్సులిన్ వేసి, టిఫిన్ పూర్తిగా తినిపించి, పదకొండుకు బయల్దేరి ఒంటిగంటకు తిరిగొస్తే ఆయా మీద పడేది తక్కువ. మొదటి నెల పనులన్నీ ఈ సమయంలోనే పెట్టుకోండి.

‘లో’ నేర్పేటప్పుడు మాటలు తగ్గించి వస్తువులు చూపించండి. గ్లూకోజ్ పౌడర్‌ను అంచుకు సమంగా నింపిన టీ చెంచాతో, అంటే సుమారు 5 గ్రాములు, చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో కొలిచి పెట్టండి. పిల్లల బరువు కిలోకు 0.3 గ్రాములు లెక్క. 15 కిలోల పిల్లాడికి ఒక డబ్బా సరిపోతుంది. మీ డాక్టర్ వేరే కొలత చెబితే అదే పాటించండి. 70 కంటే తక్కువైతే ఒక డబ్బా కొద్ది నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్లీ వేలు పొడిచి చూడాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకో డబ్బా. దాటాక, భోజనానికి గంటకు మించి టైముంటే ఒక మేరీ బిస్కెట్టో, అరగ్లాసు పాలో. చాక్లెట్ ఇవ్వకూడదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వరసగా డబ్బాల మీద డబ్బాలు తాగించడమూ తప్పే, గంట తర్వాత 300 కనిపిస్తుంది.

ఒక మాట మాత్రం పదిసార్లు చెప్పించుకోండి: ముందు గ్లూకోజ్, తర్వాత ఫోన్. మీరు మీటింగ్‌లో ఉంటారు, లిఫ్ట్‌లో సిగ్నల్ ఉండదు. మిమ్మల్ని అడిగాకే ఇద్దామని ఆగితే పది నిమిషాలు పోతాయి. పిల్లాడు స్పృహలో లేకపోయినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో గ్లూకగాన్ కిట్ (పడిపోయిన షుగర్‌ను పెంచే అత్యవసర ఇంజెక్షన్) ఉంటే ఎలా కలపాలో, ఎంత ఇవ్వాలో డాక్టర్ దగ్గరే ఆ మనిషికి చూపించండి.

మీటర్‌తో వచ్చే తిప్పలు వేరు. మామిడిపళ్ల సీజన్‌లో పిల్లాడి వేళ్లకు రసం అంటి ఉంటుంది, అలాగే పొడిస్తే 110 ఉండాల్సింది 280 చూపిస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచాకే, వేలి కొసన కాకుండా పక్కన పొడవాలి. కొన్ని మీటర్లలో నంబర్ బదులు ‘హెచ్, ఐ’ అని రెండక్షరాలు వస్తాయి. కొత్తవాళ్లు మీటర్ ‘హాయ్’ అంటోందనుకుంటారు. మీటర్ కొలవలేనంత ఎక్కువ అని అర్థం, వెంటనే ఫోన్ చేయాలి. ‘ఎల్, ఓ’ వస్తే కొలవలేనంత తక్కువ, డబ్బా అందుకోవాలి. చదువు రాని మనిషైతే స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. సెన్సర్ (చేతికి అంటించి ఉంచితే షుగర్ చూపిస్తూ ఉండే పరికరం) ఉన్న పిల్లలైతే మధ్యాహ్నం నిద్రలో ఆ చేతి మీదకే ఒరిగినప్పుడు లేని ‘లో’ చూపించొచ్చు. వేలితో సరిచూడమనండి. నిద్రలో మెడ వెనక చెమట తగిలితే మాత్రం సెన్సర్ ఏమన్నా సరే వేలు పొడవాల్సిందే.

250 దాటడం ఆయా సర్దాల్సిన విషయం కాదు. నీళ్లు తాగించి ఫోన్ చేస్తే చాలు. వాంతులు మొదలైతే నంబర్ ఎంతున్నా అదే నిమిషంలో చెప్పాలి. అప్పుడు కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూడాలి, అది మీ పని.

తిండి విషయంలో అంచనాలు వద్దు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. గిన్నె నిండుగా పెట్టానంటే మీకేం తెలుస్తుంది? వంటింట్లో డిజిటల్ త్రాసు పెట్టండి. ఇంకా మంచిది, పెరుగన్నం మీరే తూచి డబ్బాలో పెట్టి మూత మీద నంబర్ రాయడం. ఎంత మిగిల్చాడో ఆవిడ ఫోటో తీస్తే చాలు. చిన్నపిల్లలు సగంలో లేచిపోతారు కాబట్టి, ఇన్సులిన్ ముందు వేయాలా, తిన్న వెంటనే వేయాలా అన్నది డాక్టర్‌తో తేల్చుకోండి.

ఎప్పటికైనా ఇన్సులిన్ వేరేవాళ్లు వేయాల్సి వస్తే ఇన్సులిన్ పెన్నుతోనే, సిరంజితో వద్దు. మన దగ్గర 40 బలం (ఒక మిల్లీలీటర్‌లో 40 యూనిట్లు) సీసాలు, 100 బలం సీసాలు రెండూ దొరుకుతాయి, సిరంజిలూ రెండు రకాలు. 100 బలం ఇన్సులిన్‌ను 40 సిరంజిలో నాలుగు యూనిట్ల గీత దాకా లాగితే పిల్లాడికి వెళ్లేది 10 యూనిట్లు. పెన్నైతే వీడియో కాల్‌లో మీరు చెప్పిన నంబర్ తిప్పి కెమెరాకు చూపిస్తుంది, మీరు సరే అన్నాక వేసి, పది లెక్కపెట్టి సూది తీస్తుంది. వాడని పెన్నులు ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పనిచేయదు. వాడుతున్నది 30 డిగ్రీల లోపు ఉండాలి. మే నెల ఎండకు వరండాలో పెట్టిన స్కూల్ బ్యాగ్‌లో వదిలేస్తే అంతే సంగతులు.

డే కేర్‌లో చేర్చేటప్పుడు ప్రిన్సిపాల్ ‘ఓకే’ అంటే సరిపోదు. అన్నం తినిపించే ఆయా ఎవరో అడిగి, ఆవిడకే గ్లూకోజ్ డబ్బా చూపించండి. పుట్టినరోజు కేకుల గురించి ముందురోజే మెసేజ్ పెట్టమనండి. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ (ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు) ఉండాలని 2017 ప్రసూతి సవరణ చట్టం చెప్పింది, ఇప్పుడు అదే నియమం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. అక్కడికి తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే అమ్మలకు మధ్యాహ్నం సూది సమస్య దీంతోనే తీరిపోవచ్చు. హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఆయాను పెట్టుకున్నాక మొదటి మూడు రోజులు చూడనివ్వండి, తర్వాతి మూడు రోజులు మీ ముందే చేయనివ్వండి. ఏడో రోజు కింద పార్కింగ్‌లో గంట కూర్చోండి. ఈ రోజులకూ పూర్తి జీతమివ్వాలి. ఒక్కరికే నేర్పి ఊరుకోకండి. బోనాలకు, బతుకమ్మకు, సంక్రాంతికి ఆయా ఊరెళ్తుంది, మీ ఆఫీసుకు అన్ని రోజులు సెలవుండదు. పక్కింటి ఆంటీకి కూడా నేర్పి, రెండు గ్లూకోజ్ డబ్బాలు వాళ్ల ఫ్రిజ్ మీద పెట్టి రండి. గ్లూకోజ్ గడ్డకట్టిందేమో, మీటర్ స్ట్రిప్పుల డేట్ దాటిందేమో నెలకోసారి వెళ్లి చూసుకోండి.