త్రీ-స్పీడ్ హబ్‌కు గేర్ షిఫ్టర్ సొంతంగా చేసుకోవడం

స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ అంటే సైకిల్ వెనక చక్రం మధ్యలో ఉండే, లోపలే మూడు గేర్లున్న హబ్. దానికి షిఫ్టర్ (గేర్లు మార్చే లివర్) చేసే పని ఒక్కటే: కేబుల్‌ను మూడు చోట్ల ఆపి, జారకుండా పట్టుకోవడం. కేబుల్ వదులుగా ఉంటే 3వ గేరు, కొంత లాగితే 2, పూర్తిగా లాగితే 1. వదిలినప్పుడు కేబుల్‌ను వెనక్కి లాక్కునేది హబ్‌లోని స్ప్రింగే.

తాత్కాలికంగా నడిస్తే చాలనుకుంటే క్లిక్కులు లేని పాత ఫ్రిక్షన్ లివర్ బిగించుకోవచ్చు. కానీ ఈ హబ్‌లో 2కీ 3కీ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది. లివర్ కాస్త జారి కేబుల్ అక్కడికి చేరితే పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. లేచి నిలబడి తొక్కేవాళ్లు హ్యాండిల్ మీద పడేది అప్పుడే. కాబట్టి గుంటల్లో కూర్చునే షిఫ్టరే మేలు.

ముందు కొలతలు. కేబుల్ ఇన్నర్ (లోపలి తీగ), ఔటర్ (దాని మీది తొడుగు) రెండూ సైకిల్‌కు బిగించాకే, అదీ షిఫ్టర్ ఉండే చివర కొలవాలి. హబ్ దగ్గర కొలిస్తే ఔటర్ నొక్కుకుపోయే మేర లెక్కలోకి రాదు. 1.2 మి.మీ. ఇన్నర్, గేర్ల కోసం చేసిన ఔటర్ వాడండి. బ్రేక్ ఔటర్ లాగినప్పుడు కురచవుతుంది. హబ్‌లోకి వెళ్లే సన్నని రాడ్‌ను, చివర కేబుల్ తగిలించే చిన్న గొలుసు ఉన్నదాన్ని, చివరిదాకా బిగించి, గొలుసు కేబుల్ వైపు తిరిగేలా అర చుట్టు లోపే వెనక్కి తిప్పాలి. వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ ఇన్నర్‌ను చేత్తో లాగండి. గొలుసు బిగుసుకోవడం మొదలైన చోట ఒక గుర్తు. కుడివైపు నట్ కిటికీలో రాడ్ చివర, ఇరుసు చివర సమంగా కనిపించిన చోట రెండోది. ఇక లాగడానికి రాని చోట మూడోది; బలవంతం చేస్తే గొలుసు సాగుతుంది.

కేబుల్ చుట్టుకునే చక్రాన్ని అల్యూమినియంతోనో గట్టి నైలాన్‌తోనో చేయండి. గాడి అడుగున వ్యాసం 38 మి.మీ. అయితే కేబుల్ మధ్య వరకు వ్యాసార్థం 19.6 మి.మీ. గుర్తుల మధ్య దూరాన్ని 57.3తో గుణించి 19.6తో భాగిస్తే తిప్పాల్సిన కోణం వస్తుంది. ఉదాహరణకు 7 మి.మీ.కి 20.5 డిగ్రీలు. 3వ గేరు గుంటను మాత్రం ఇంకో మి.మీ. వదులుకు సరిపడేలా జరపండి, లేదంటే గేరు సగమే పడుతుంది.

చక్రం పక్క ముఖం మీద, కేంద్రం నుంచి 15 మి.మీ. దూరంలో పైన వచ్చిన కోణాల్లో 3 మి.మీ. రంధ్రాలు మూడు వేయండి, గుంటలు ఇవే. 5 మి.మీ. ఉక్కు బాల్ వాటిలో అర మి.మీ. దిగుతుంది. రంధ్రాల అంచులను గుండ్రంగా అరగదీయకండి, పట్టు పోతుంది. బాల్, స్ప్రింగ్ కదలని ప్లేటులో ఉండాలి, వెనక నుంచి స్క్రూతో బిగువు సర్దుకునేలా. ఇరుసుగా ఎం6 బోల్టు, రెండు వాషర్లు, నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉన్నది). మామూలు నట్ వారం తిరక్కుండా వదులవుతుంది.

బిగించాక లివర్‌ను 2లో పెట్టి, హబ్ దగ్గరి అడ్జస్టర్‌తో రాడ్ చివరను మళ్లీ ఇరుసు చివరకు సమం చేయండి. ఎక్కేముందు బ్రేక్ పట్టి, ఒక్కో గేరులో పెడల్‌ను కాలితో గట్టిగా తొక్కి చూడండి. 1లో నిలవకుండా 2లోకి పోతుంటే బాల్ వెనకున్న స్ప్రింగ్ బిగువు పెంచాలి. 2లోనే జారుతుంటే కోణం తప్పింది, ఆ రంధ్రం మళ్లీ వేయాల్సిందే.